ఆయన లారీలో దోర్నపాల్ దాకా

కొంటా నుంచి జగదల్‌పూర్‌కు సరదాకి ఎవరైనా లారీలో వెళ్తారా అని మా చెల్లెలు నవ్వింది. నేను వెళ్లాను. ఆ లారీని ఇరవై ఏళ్లు మా ఆయన నడిపారు. "ఒక్కసారి రా, దర్భా ఘాటు పైనుంచి అడవి చూపిస్తా" అని ఏటా అడిగేవారు. పిల్లల పరీక్షలనో, వడియాలు ఎండలేదనో ఏటా తప్పించుకున్నాను. ఆయన పోయి నాలుగేళ్లయింది. ఒకప్పుడు ఆయన దగ్గర రెండో డ్రైవరుగా ఉండి, తర్వాత ఆ లారీని కొనుక్కున్న కన్నయ్య మొన్న ఫోన్ చేశాడు. "వదినె, బండి పని ఖతం అయింది. ఒక్క చింతపండు లోడు జగదల్‌పూర్‌ల దించి తుక్కు కింద ఇచ్చేస్త. ఎక్కుతవా?" ఈసారి వంకలేమీ వెతకలేదు.

భద్రాచలంలో తెల్లవారి అయిదున్నరకు బస్సెక్కి, చింతూరు మీదుగా ఎనిమిదికల్లా కొంటాలో దిగాను. టికెట్ రెండొందల లోపే, కానీ సీటు కావాలంటే పావుగంట ముందే వెళ్లాలి. లారీకి కొత్త రంగు, ముందు నిమ్మకాయల దండ, లోపల చిరిగిన సీట్లు. పైన పటారం, లోన లొటారం. కన్నయ్య తాళం తిప్పగానే ఇంజిన్ అందుకుంది. అదే పాత చప్పుడు. కొంటాలో మా ఇల్లు రోడ్డు పక్కనే ఉండేది. మలుపు దగ్గర ఈ చప్పుడు వినగానే అన్నానికి ఎసరు పెట్టేదాన్ని. గుమ్మం ముందు ఇంజిన్ ఆగేది, కేబిన్ తలుపు పడేది, ఆయన లోపలికి వచ్చేవారు. చాలాసేపు కళ్లు మూసుకుని కూర్చున్నాను. ఆయన కావాలనిపించింది, అంతే.

ఎర్రబోరు దాటి చిన్న ఎత్తు ఎక్కుతున్నప్పుడు ఆ చప్పుడు కింద మరో చప్పుడు వినిపించింది. టక్, టక్ అని బరువుగా, యాక్సిలరేటర్ తొక్కిన కొద్దీ పెరుగుతోంది. పైనుంచి సన్నగా టిక్కుటిక్కుమంటే వాల్వుల గోల, సర్దించుకోవచ్చు, కింది నుంచి బరువుగా కొడితే బేరింగు, వెంటనే ఆపాలి అని ఆయన అన్నం తింటూ చెప్పేవారు. నేను ఊ కొట్టడమే తప్ప విన్నానని ఎప్పుడూ అనుకోలేదు. ఆయిల్ ప్రెషర్ పడిపోతే వెలిగే ఎర్ర దీపం ఎదురుగా వెలగలేదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నోరు విప్పితే బండి ఆగుతుంది, బండి ఆగితే ఆయన చూపిస్తానన్న ఘాటు ఆయన లారీలో ఎక్కడం ఇక జరగదు. పది కిలోమీటర్లు అలా స్వార్థంగానే కూర్చున్నాను.

చెక్‌పోస్టు దగ్గర ఇంజిన్ ఆపి కాగితాలు చూపించాక, కన్నయ్య మళ్లీ తాళం తిప్పాడు. ఇంజిన్ అందుకోకముందు వెలగాల్సిన ఎర్ర దీపం అప్పుడూ వెలగలేదు.

"ఆయిల్ లైటు వెలగదేంది కన్నయ్యా?"

"ఊకె వెలుగుతాందని వైరు పీకిన వదినె. ఒక్క ట్రిప్పే గదా. చిక్కటి ఆయిలు నిండ పోసిన."

"కింద కొడుతోంది. నీకు వినపడట్లేదా?"

అతను గేరు తగ్గించాడు. "పొద్దుగాల నుంచి వినపడుతాంది. నువ్వు ఘాటు చూస్తవని నేనే అనలే."

చింతలనార్ దారి చీలే దోర్నపాల్ దాకా మెల్లగా నడిపాడు. అక్కడి మిస్త్రీ ముందు ఆయిల్ కొలిచే పుల్ల తీసి చూస్తే ఆయిల్ నిండుగానే ఉంది. దీపం వైరు ఉండే చోట ప్రెషర్ మీటరు బిగించి, ఇంజిన్ నడుస్తుండగా చూస్తే ముల్లు సున్నా మీదనుంచి కదలనంటోంది. పొడుగు స్క్రూడ్రైవరు మొన ఇంజిన్ అడుగున ఆనించి, పిడికి చెవి పెట్టి విన్నాడు. "బేరింగ్ ఖతం అమ్మా. ఘాట్ మీద జామ్ అయితది, లోడ్ తోని ఎనకకు వస్తది. బంద్ కరో."

కన్నయ్య స్టీరింగ్ దగ్గర నుంచి పక్కకు జరిగాడు. "నువ్వే ఆపు వదినె."

ఇంజిన్ ఆపే పిడి పట్టుకుని లాగాను. బండి ఒకసారి వణికి ఆగిపోయింది. పాత అలవాటు కొద్దీ కేబిన్ తలుపు చప్పుడు కోసం ఎదురుచూశాను.

చింతపండు బస్తాలు వేరే లారీకి మార్చడానికి కన్నయ్య అక్కడే ఉండిపోయాడు. నేను ఒంటిగంట బస్సు పట్టుకుని సుక్మా మీదుగా సాయంత్రానికి జగదల్‌పూర్ చేరాను. దారిలో దర్భా ఘాటు పైనుంచి అడవిని చూశాను. లేత ఆకులతో కనుచూపు మేర చాలా బాగుంది. ఆయన గొప్పలకు పోలేదన్నమాట. ఆ మాట ఒప్పుకుందామంటే పక్క సీటులో ఎవరో సంచి పెట్టారు. మీరెవరైనా ఈ దారిలో పాత బండి ఎక్కితే, ముందు తాళం తిప్పించి చూడండి. ఎర్ర దీపం వెలగాలి, ఇంజిన్ అందుకున్నాక ఆరాలి. అసలు వెలగకపోతే దిగిపోండి. నడిపేది మీ మనిషే అయితే మాత్రం, బండి బాగున్న రోజుల్లోనే ఎక్కండి.