శబ్దం ఆపి చూసిన సాక్ష్యం

మొన్న ఢిల్లీలో వైశాలి వైపు వెళ్లే మెట్రోలో ఒక కుర్రాడు ఫోనులో ఏదో ప్రసంగం పెద్దగా పెట్టుకుని చూస్తున్నాడు. పక్కన కూర్చున్న పెద్దాయన విసుక్కుని, "భయ్యా, ఆవాజ్ తో బంద్ కర్ లో" అన్నాడు. కుర్రాడు శబ్దం ఆపాడు గాని చూడటం మానలేదు. పెట్టెలో చక్రాల హోరు మాత్రం మిగిలింది. నేను వాళ్ల ముందే నిలబడి ఉన్నాను కాబట్టి ఫోను తెర కనిపిస్తూనే ఉంది. మాట్లాడుతున్న మనిషి ముఖం నిండా నవ్వు. నా చూపు మాత్రం ఆయన వేళ్ల మీదికి పోయింది. అవి ఎదురుగా ఉన్న బల్ల అంచును పట్టుకుని ఎంతకీ వదలడం లేదు. ఇలా చూడటం నాకు పుట్టుకతో వచ్చింది కాదు. కస్తూరి గారి దగ్గర అబ్బింది. ఆమె పోయి రెండేళ్లవుతోంది.

కస్తూరి గారిది ప్రొద్దుటూరు. ఢిల్లీలో వకీలు. బేర్ సరాయ్‌లో ఒక పుస్తకాల దుకాణం పైన రెండు గదుల ఆఫీసు. పరాయి దేశాల్లో కారు ప్రమాదాల్లో దెబ్బలు తిని తిరిగొచ్చినవాళ్లకు నష్టపరిహారం ఇప్పించడం ఆమె పని. కేసు ఆ దేశంలోనే నడుస్తుంది, అక్కడి వకీలే వాదిస్తాడు. బాధితుల చేత జరిగింది చెప్పించడం, వైద్యుల కాగితాలు తెప్పించడం, అవన్నీ ఆ వకీలుకు పంపడం కస్తూరి గారి వంతు. తెలుగువాళ్లు చెప్పింది ఇంగ్లీషులో రాయడానికి మనిషి కావాలంటే నేను వెళ్లాను. ఇంటరుతో చదువు ఆగిపోయినదాన్ని. కానీ సరోజినీ నగర్‌లో మా వారి క్వార్టర్సుకు దగ్గర్లో ఉన్న గ్రంథాలయంలో తెలుగు బీరువా మొత్తం చదివాను. అది అయిపోయాక నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు బీరువా మొదలుపెట్టాను. ఆ సంగతి ఆమెకు కొంచెం గర్వంగానే చెప్పాను, ఇప్పటికీ ఎవరు అడిగినా అలాగే చెబుతాను. ఆమె అంతా విని, "అన్నీ చదివినావు, సంతోషం. పైకొచ్చేటప్పుడు మెట్ల మీద ఒకామె కూర్చోని ఉండాది కదా, ఏ కాలు చాపుకోని ఉండాది?" అని అడిగింది. నాకు తెలియలేదు. "సరేలే, రేపట్నుంచి రా, లైబ్రరీ" అంది. ఆ రోజు మొదలు నా పేరు లైబ్రరీయే.

నాకు అన్నిటికంటే బాగా గుర్తున్నది రత్నకుమారి గారి కేసు. ఆమెది నరసాపురం దగ్గర. ఢిల్లీ ఆసుపత్రుల్లో చాలాకాలం నర్సుగా చేసి, మంచి జీతమని మస్కట్ వెళ్లింది. అక్కడ డ్యూటీకి నడిచి వెళుతూ రోడ్డు దాటుతుంటే కారు గుద్దింది. తప్పు డ్రైవరుదేనని పోలీసులు రాశారు. కుడి భుజం విరిగింది. ఎముకైతే అతికింది గాని చెయ్యి భుజం దాటి పైకి లేవదు, వేళ్లలో స్పర్శ సరిగా లేదు. నరం వెతికి సూది పెట్టాల్సిన చెయ్యి అది. భర్త లేడు. కూతురు జెస్సీ కాలేజీలో చదువుతోంది. ఇక నర్సు పని చేయలేనని ఆమె రుజువు చేయగలిగితే ఆ కారు బీమా కంపెనీ అందుకు తగిన పరిహారం ఇవ్వాలి. లేకపోతే ఆసుపత్రి ఖర్చులతో సరి.

అంతా సవ్యంగా నడుస్తోందనుకుంటుండగా మస్కట్ వకీలు ఒక వీడియో పంపాడు. బీమా కంపెనీవాళ్లు వెతికి పట్టుకున్నదట. ఢిల్లీ తిరిగొచ్చాక రత్నకుమారి గారు తమ తెలుగు క్రైస్తవ సంఘం ఆరాధనలో నిలబడి సాక్ష్యం చెప్పింది. గండం గడిచినవాళ్లు దేవుడు చేసిన మేలును సంఘం ముందు చెప్పుకోవడం వాళ్ల ఆనవాయితీ. సంఘంవాళ్లు ప్రతి ఆదివారం ఆరాధనను నెట్‌లో పెడతారు. అందులో ఆమె, "ప్రభువు నన్ను సంపూర్ణంగా స్వస్థపరిచాడు. ఈ రోజు నాకు ఏ కొదువా లేదు" అంటోంది. కంపెనీ దాన్ని ఇంగ్లీషులోకి మార్పించి, మనిషి పూర్తిగా కోలుకున్నానని తన నోటితోనే చెప్పింది కదా అని రాసింది.

కస్తూరి గారు తల్లీకూతుళ్లను పిలిపించింది. జెస్సీకి తెలుగు అర్థమవుతుంది గాని నోటికి వచ్చేది హిందీయే. విషయం వినగానే తల్లి వైపు తిరిగి, "మమ్మీ, బోల్ దో నా, వో సబ్ ఐసే హీ బోలా థా" అంది. ఊరికే అలా అన్నానని చెప్పేస్తే పోతుంది కదా అని.

"నోరు ముయ్యవే," అంది రత్నకుమారి గారు. "దేవుడి ముందు చెప్పిన మాట అది. అబద్ధమని ఎలా రాస్తాను? డబ్బు రాకపోతే పోనీయండి మేడమ్. నన్ను మంచం మీంచి లేపింది ఆయనే కదండీ."

"ఆయన మీద కేసు వేయమని నేనంటినా తల్లీ?" అంది కస్తూరి గారు. "లేపినాయన లేపినాడు. గుద్దినోడు గుద్దినాడు. మనం అడిగేది గుద్దినోడిని."

అయినా ఆమె తల అడ్డంగానే ఊపింది. నేను అప్పటికే ఆ సాక్ష్యాన్ని మాట పొల్లుపోకుండా అనువదించి ఉంచాను, దాన్ని బల్ల మీద పెట్టాను. కంపెనీ అనువాదం కంటే నాదే బాగుంది. బాగున్నకొద్దీ కేసుకు నష్టంగానే ఉంది. కస్తూరి గారు అది చదివి, "మాటలు బాగా రాసినావు లైబ్రరీ. ఇప్పుడా వీడియో పెట్టి శబ్దం ఆపు" అంది.

"మాటలు లేకుండా ఏం తెలుస్తుంది మేడమ్?"

"ముందు ఆపమ్మా."

నలుగురం ఒకే కంప్యూటరు ముందు కూర్చున్నాం. శబ్దం ఆపగానే హాలులోని ఆమెన్‌లూ హల్లెలూయలూ పోయాయి. తెల్లచీర కట్టుకున్న ఒక మనిషి మిగిలింది. ఇద్దరు ఆడవాళ్లు మోచేతులు పట్టుకుని ఆమెను వేదిక ఎక్కిస్తున్నారు. ఎవరో కుడివైపు నుంచి మైకు అందించారు. ఆమె ఒళ్లంతా తిప్పి దాన్ని ఎడమ చేత్తో అందుకుంది. భుజం మీది కొంగు జారింది. ఆమె సర్దుకోలేదు, పక్కనున్నామె వచ్చి సర్దింది. బైబిలు పేజీలు జెస్సీ తిప్పుతోంది. ప్రార్థన మొదలైనట్టుంది, అందరూ రెండు చేతులూ పైకెత్తారు. వేదిక మీద మాత్రం మైకుతో సహా ఒక్క చెయ్యే లేచింది. రెండోది చీర కుచ్చిళ్ల పక్కన వేలాడుతూ ఉండిపోయింది.

వీడియో అయిపోయింది. జెస్సీ తల వంచుకుంది. రత్నకుమారి గారు ఎవరో పరాయి రోగిని చూసినట్టు తెర వైపే చూస్తూ, "నేనిలా ఉన్నానా అండీ?" అని అడిగింది.

"ఇట్లే ఉండావు," అంది కస్తూరి గారు. "నువ్వు చెప్పిన సాక్ష్యంలో ఒక్క అక్షరం మార్చొద్దు. ఇది కూడా నీ సాక్ష్యమే."

మేము ఆ వీడియోనే తిరిగి పంపాం. ఏ నిమిషంలో ఏ చెయ్యి ఏం చేయలేకపోయిందో పక్కన రాశాం, వైద్యుల కాగితాలు జతచేశాం. ఆ రాత నాదే. అందులో ఒక్క విశేషణం కూడా ఉండకూడదని కస్తూరి గారి ఆజ్ఞ. తర్వాత కోర్టు నియమించిన డాక్టర్లు పరీక్షించారు. చాలా కాలం పట్టింది. అడిగినంత రాలేదు గాని, చెయ్యి పోయినందుకూ పని పోయినందుకూ కంపెనీ పరిహారం ఇచ్చింది. జెస్సీ చదువు ఆగలేదు. రత్నకుమారి గారు ఇప్పుడు ఒక నర్సింగు కాలేజీలో పాఠం చెబుతోంది. నరం ఎక్కడ వెతకాలో ఆమె చెబుతుంది, పిల్లల చేతులు వెతుకుతాయి. పరిహారం వచ్చిన ఏడాది ఆమె సంఘంలో మళ్లీ సాక్ష్యం చెప్పిందట. "ప్రభువు నన్ను లేపాడు. చెయ్యి మాత్రం ఇంకా లేవలేదు" అందట. అందరూ దానికీ ఆమెన్ అన్నారట. ఈ మాట విని కస్తూరి గారు పడి పడి నవ్వింది.

ఆఫీసు మూసేశాక కస్తూరి గారు ఢిల్లీ పక్కనే ఉన్న ఇందిరాపురంలో తన ఫ్లాటులో ఒంటరిగా ఉండేది. వారానికోసారి వీడియో కాల్ చేసేదాన్ని. ఒకసారి ఎలా ఉన్నారని అడిగితే, "నాకేం, గుండ్రాయి మాదిరి ఉండా. నువ్వు ఎండలో పడి రావద్దు" అని గట్టిగా కసిరింది. గొంతులో ఏ తేడా లేదు. మామూలుగా నాలుగు మాటలు మాట్లాడుతూనే ఫోను శబ్దం పూర్తిగా తగ్గించాను. పెదవులు జోరుగానే కదులుతున్నాయి. టీ కప్పును రెండు చేతులతో పట్టుకుంది. దాన్ని నోటి దాకా ఎత్తడం లేదు, నోటినే కప్పు దగ్గరికి వంచుతోంది. నీలం రంగు చీర. పోయిన వారం కూడా అదే చీర.

ఫోను పెట్టేసి బయలుదేరాను. తలుపు తీయడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. గడప అవతల గోడ పట్టుకుని నిలబడి నన్ను కింది నుంచి పై దాకా చూసింది. ఎందుకొచ్చావని అడగలేదు.

"ఏం లైబ్రరీ," అంది, "శబ్దం ఆపినావా?"