నూకకి నేర్పిన సైగ

మొన్న ధవళేశ్వరంలో బస్సు దిగి ఆటో కోసం నిలబడ్డాను. ఎదురుగా సిమెంటు కొట్టు. దాని ముందు ఒకాయన లారీ వెనకాల నిలబడి డ్రైవరుని వెనక్కి రమ్మంటున్నాడు. అరచెయ్యి తనవైపు తిప్పుకుని, నాలుగు వేళ్ళూ కలిపి, రా రా అన్నట్టు ఊపుతున్నాడు. లారీని ఎక్కడైనా అలాగే పిలుస్తారు, అందులో వింతేమీ లేదు. నేను మాత్రం చూడలేక మొహం పక్కకి తిప్పేసుకున్నాను. ఆటో అతను "ఎక్కండమ్మా, రాజమండ్రేనా?" అని రెండుసార్లు అడిగాడట. మా ఇంట్లో చెవుడు మా అన్నయ్యకి గాని నాకు కాదు. అయినా ఆ కాసేపు నాకేమీ వినపడలేదు.

మా అన్నయ్య మండపేటలో ఓ రైస్ మిల్లులో మిషన్లు చూసుకునే మేస్త్రీగా చేసేవాడు. ఆ హోరులో మాటలు పనిచెయ్యవు, అందుకని అక్కడ అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. అరచెయ్యి నిలువుగా చూపిస్తే ఆగమని. వేళ్ళు ఊపితే రమ్మని. బొటనవేలితో మిగతా వేళ్ళ కొసలు రుద్దితే బియ్యంలో నూక ఎక్కువ పడుతోందని. ఏళ్ళ తరబడి ఆ హోరులో ఉండి ఉండి చెవులు పోగొట్టుకున్నాడు. వదిన పోయాక మా దగ్గరికి వచ్చేశాడు. మా ఇల్లూ మిల్లుల సందులోనే ఉంది. చెవికి మిషను కొనిపెట్టాం గాని, అది పెట్టుకుంటే గిన్నెల చప్పుడు తప్ప ఇంకేమీ వినపడటం లేదని దాన్ని కళ్ళజోడు పెట్టెలో పడుకోబెట్టాడు. దాంతో మావారికీ నాకూ కూడా సైగలు అలవాటైపోయాయి. కాఫీ కావాలా, నీళ్ళు కాగాయి, కరెంటు బిల్లతను వచ్చాడు, అన్నీ చేతులతోనే. కిటికీలోంచి చూసినవాళ్ళు మేం ముగ్గురం పొద్దస్తమానం దెబ్బలాడుకుంటున్నామనుకునేవారు.

అలాంటి ఇంటికి వచ్చింది ఆ కుక్కపిల్ల. కోనసీమలో మా ఆడపడుచు కొబ్బరితోటలో పుట్టింది. ఒళ్ళంతా తెలుపు, ఒక కన్ను మాత్రం నీలం. అన్నయ్య దాన్ని ఒళ్ళో పెట్టుకుని చూసి, బొటనవేలితో వేళ్ళ కొసలు రుద్దాడు. నూక. అదే దాని పేరైపోయింది. దానికి వినపడదేమోనన్న అనుమానం చాన్నాళ్ళు మాకు రానేలేదు. ఎలా వస్తుంది? మేం నోటితో ఏమన్నా చెయ్యి కూడా ఆడించేవాళ్ళం, అది చెయ్యి చూసి వచ్చేది. దీపావళికి సందంతా బాంబులతో దద్దరిల్లుతుంటే గుమ్మంలో వెల్లకిలా పడుకుని నిద్రపోయింది. "ఎంత గుండె ధైర్యమండీ మీ కుక్కకి!" అంది పక్కింటావిడ. మావారు లేని మీసం మెలేసుకుంటూ వారం రోజులు తిరిగారు.

తర్వాత ఒక ఉదయం రెండు చేతులతో పాలగిన్నె పట్టుకుని దాని వెనక నిలబడి పిలిచాను. తిరగలేదు. ఇంకా గట్టిగా పిలిచాను. వంటింట్లో కుక్కరు కూత పెట్టింది. దాని చెవి కొస కూడా కదల్లేదు. నా నీడ మీద పడేసరికి మాత్రం ఉలిక్కిపడి గోడవారకి దూకింది. పాలగిన్నె కింద పెట్టి నేనూ అక్కడే కూలబడ్డాను. మేం మురిసిపోయిన ధైర్యం ఇదా అనిపించి ఏడుపొచ్చింది.

కాకినాడ తీసుకెళ్ళి చూపించాం. "తెల్లవాటిల్లో కొన్నిటికి పుట్టుకతోనే ఉంటుందండి. పూర్తిగా వినపడదో, కాస్తో కూస్తో వినపడుతుందో తేల్చే పరీక్ష నా దగ్గర లేదు. లారీలు తిరిగే చోటంటున్నారు, ఆలోచించుకోండి," అన్నారు డాక్టరుగారు. ఆ సాయంత్రం టిఫిను దగ్గర మావారు, అన్నయ్యకి కూడా తెలిసేలా సైగలు చేస్తూనే అన్నారు, "మళ్ళీ తోటకి పంపించేద్దాం. అక్కడ లారీల్లేవు. చెల్లెలు బాగానే చూసుకుంటుంది." ఆయన అన్నదాంట్లో తప్పులేదు. ఇప్పటికీ నేను తప్పని అనను. అన్నయ్య, వినపడనివాళ్ళు మాట్లాడే ఆ పెద్ద గొంతుతో, "చెవుడని పంపించేస్తారేంటి బావగారూ? మరి నన్నెప్పుడు పంపిస్తారు?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. మావారు చేతిలో ముక్క పళ్ళెంలో పెట్టేశారు. నేనే అన్నాను, "ఉంచుకుందామండి" అని.

మర్నాటి నుంచి అన్నయ్య చదువు మొదలెట్టాడు. మిల్లులో కొత్తగా చేరినవాడికి పని నేర్పినట్టే నేర్పాడు. ముందు ఆగడం. గుమ్మం బయట ఉడికిన గుడ్డు ముక్క పెట్టి, అరచెయ్యి చూపించేవాడు. ఎవరో ఒకరు చెయ్యి ఊపి పిలిస్తే తప్ప గడప దాటకూడదు. చొంగ కారుతున్నా సరే, నూక అన్నయ్య చేతినే చూస్తూ కూచునేది. మధ్యమధ్య "అదీ, అలా ఉండాలమ్మా" అని వాడు దానికి గట్టిగా పాఠం చెప్పేవాడు. చెప్పేవాడికీ వినపడదు, వినేదానికీ వినపడదు, వీధి వీధంతటికీ వినపడేది. వదిన పోయాక వాడు నోరారా నవ్వడం మళ్ళీ అప్పుడే చూశాను. సందులో అందరికీ సైగలు నేర్పాడు. పాలబ్బాయి దగ్గర్నుంచి ఎదురు మిల్లు హమాలీల జట్టు మేస్త్రీ దాకా అందరూ చెయ్యి ఊపి నూకని పిలిచి బిస్కెట్టు పెట్టేవారు.

రెండో పంట, దాళ్వా ధాన్యం వచ్చే రోజులు. ఒక ఉదయం ఎదురు మిల్లులోకి బస్తాల లారీ వెనక్కి వస్తోంది. జట్టు మేస్త్రీ దాని వెనకాల నిలబడి చెయ్యి ఊపుతున్నాడు. నూక మా గడపలో కూచుని ఉంది, పక్కన అన్నయ్య పేపరు చదువుతున్నాడు. నేను అరుగు మీద మిరపకాయల తొడిమలు తీస్తున్నాను. రోజూ బిస్కెట్టు పెట్టే చెయ్యి రమ్మంటోంది. నేర్పినట్టే గడప దాటి, తోక ఊపుకుంటూ వెళ్ళింది. నేను కేక పెట్టాను. ఆ మిల్లుల హోరులో ఎవరికి వినపడాలని? అది లారీకీ ఆ మనిషికీ మధ్యకి వెళ్ళాక గాని అతను చూడలేదు. చూస్తూనే, డ్రైవరుని ఆపడానికి అరచెయ్యి పైకెత్తాడు.

నూక ఆగింది. లారీ ఆగలేదు.

ఆ మేస్త్రీ మా అరుగు మీద కూచుని, "నా చెయ్యే, అమ్మగారూ, నా చెయ్యే," అని ఏడ్చాడు. మావారు 'నేను ముందే చెప్పాను' అన్న మాట ఇంతవరకూ అనలేదు. "తోటకి పంపించేసుంటే బతికేదా?" అని అన్నయ్య ఒక్కసారే అడిగాడు. "తోటలో పాములుండవా బావగారూ?" అని మావారు మొహం పక్కకి తిప్పుకున్నారు. చెవులు పనిచెయ్యని దాన్ని ఉంచుకోవడం తప్పా, అంత బుద్ధిగా నేర్పడం తప్పా అని నన్ను నేను ఎన్నిసార్లు అడుక్కున్నానో. నూక మాత్రం ఏ తప్పూ చెయ్యలేదు. చెప్పినట్టే చేసింది. నాకు దుఃఖం ఆగనిది అక్కడే.

ఆ మర్నాడు అన్నయ్య కళ్ళజోడు పెట్టెలోంచి చెవి మిషను తీసి పెట్టుకున్నాడు. ఇంక తియ్యలేదు. గిన్నెల చప్పుడే వింటున్నాడో, ఏం వింటున్నాడో. చేతులు మాత్రం కండువా కింద పెట్టుకుని కూచుంటాడు. ఎప్పుడైనా అలవాటు కొద్దీ కాఫీ కావాలా అని నా చెయ్యి లేస్తే, వాడు చూపు తిప్పేసుకుంటాడు. నేను చెయ్యి దించుకుని, గట్టిగా అరిచి అడుగుతాను. ఎంత బరువు లారీ అయినా ఒక చెయ్యి ఊపితే వెనక్కి వస్తుంది. ఆ ఒక్క ఉదయం మాత్రం, ఎంత ఊపినా రాదు.