అద్దంలాంటి నీళ్లు

నా జోకుకి నవ్వని మనిషిని ఒక్కణ్ణే చూశాను, అదీ ఈ పరాయి దేశంలో మేముండే పేట మనురేవాకి వెళ్లే బస్సులో. పక్క సీటులో కూర్చున్న తెలుగు పెద్దాయన నా చేతిలోని ప్లాస్టిక్ సంచిని, అందులో ఈదుతున్న చేపను చూసి ఎవరికని అడిగాడు.

"మా అమ్మాయి గోల్డ్‌ఫిష్‌కి అంకుల్. పొద్దుట్నించీ పైకొచ్చి నోరు తెరుస్తోంది. పెళ్లి చెయ్యమని గోల! సంబంధం తీసుకెళ్తున్నా."

ఆయన నవ్వలేదు. "ఫిల్టర్ స్పాంజి కడిగావా?"

"మొన్న వరలక్ష్మీ వ్రతానికి ఇల్లు కడిగిన ఊపులో తొట్టి, రాళ్లు, స్పాంజి అన్నీ కుళాయి కింద తోమేశా. నీళ్లు అద్దంలా ఉన్నాయి."

"చేప మురికిని తినే బ్యాక్టీరియా ఆ స్పాంజి జిగురులోనే ఉంటుంది. నువ్వు కడిగేశావు. ఇప్పుడు నీళ్లలో అమోనియా పేరుకుంటోంది, కంటికి కనబడదు. అది ఊపిరాడక కొట్టుకుంటోంది బాబూ. సగం నీళ్లు మార్చమని ఇంటికి చెప్పు."

వెంటనే ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాను. అమ్మాయే ఎత్తింది.

"డాడీ, ఇట్స్ ఫైన్ నౌ. నోరు తెరవట్లేదు. కింద పడుకుంది."

హమ్మయ్య అనబోయి ఆయన మొహం చూశాను. ఆయన చెయ్యి చాచి స్టాప్ బటన్ నొక్కాడు.

"దీన్నైనా బతకనివ్వు, షాపులో తిరిగిచ్చెయ్యి," అన్నాడు మెల్లగా.

బస్సు ఆగింది. కొత్త చేపకి ఏం పేరు పెడదామని అమ్మాయి ఫోన్లో అడుగుతూనే ఉంది.