దండ వేసిన ప్రణాళిక

మద్రాసు చెన్నైగా పేరు మార్చుకున్న ఆ కొత్త రోజుల్లో, ఏ పనినైనా కాగితం మీద అందంగా రాసేస్తే సగం అయిపోయినట్టేనని నాకు గట్టి నమ్మకం. (మిగతా సగం ఎవరు చేస్తారన్నది తట్టేది కాదు.) చిన్నప్పటి నుంచీ డైరీ రాసే అలవాటు, పైగా పోస్టులో మేనేజ్‌మెంట్ కోర్సు చదివిన గర్వం. వాషర్‌మెన్‌పేట్‌లో మా మేనమామ నడిపే ఎవర్‌సిల్వర్ (అదే, స్టీలు) పాత్రల హోల్‌సేల్ కొట్టులో లెక్కలు చూస్తూ, ఆ కొట్టుకు నా తెలివి అవసరమయ్యే రోజు కోసం ఎదురుచూసేవాడిని.

ఆ రోజు రానే వచ్చింది. పెరంబూరు, మాధవరం చిల్లర కొట్ల వాళ్ళు అంతవరకూ సరుకు కోసం మా దగ్గరికే వచ్చేవారు. ఇంకో వ్యాపారి వ్యాను పెట్టి, వాళ్ళ గుమ్మం ముందే పాత్రలు దించడం మొదలుపెట్టాడు. మా కొట్టు బోసిపోయింది. "దీపావళి దాకా చూస్తా అల్లుడూ," అన్నాడు మామ. "యాపారం తిరగలేదంటే కొట్టు బట్టలోళ్ళకి బాడుగకిచ్చేసి ఇంట్లో కూచుంటా." మామకైతే బాడుగ వస్తుంది. నాకూ, గుమాస్తాకూ, బండి తోలే ఆయనకూ ఏం వస్తుంది?

ఒక ఆదివారమంతా కూర్చుని, పెద్ద అట్ట మీద రంగురంగుల స్కెచ్ పెన్నులతో ప్రణాళిక రాశాను. వారం వారం మనమే చిల్లర కొట్లకు వెళ్ళి ఆర్డరు తీసుకోవాలి. మర్నాడే సరుకు పంపాలి. చొట్టపడిన పాత్రను మారుమాట లేకుండా మార్చి ఇవ్వాలి. చుట్టూ పూల అంచు కూడా గీశాను. మామ కళ్ళు చెమర్చాయి. "మన వంశంలో ఇట్లాంటిది ఎవురూ రాయలా," అంటూ దాన్ని వెంకటేశ్వరస్వామి పటం పక్కనే తగిలించాడు. కొట్టు పైనే మామ కాపురం. రోజూ పొద్దున కిందికొచ్చి హారతిచ్చే మా అత్త, ఆ కొత్త పటానికీ గంధం, కుంకుమ పెట్టి మల్లెదండ వేసింది.

ఇక ఆ ప్రణాళికకు జరిగిన మర్యాద ఇంతా అంతా కాదు. గుమాస్తా (ఏ పని చెప్పినా 'ఆగప్పా' అంటాడు గనక ఆయన పేరే ఆగప్పా అయిపోయింది) రోజూ దాని ముందు చెంపలు వేసుకునేవాడు. మూడు చక్రాల బండి తోలే బ్రేకన్న (టీకొట్టు కనిపిస్తే బ్రేకు పడాల్సిందే) తాకి కళ్ళకద్దుకునేవాడు. తర్వాత ఎవరి పాత పని వాళ్ళది. కొన్నాళ్ళకు గంధం పూత కింద రెండో నియమం కనిపించకుండా పోయింది. ఉండబట్టలేక, "ప్రణాళిక సంగతేమిటి?" అని గుమాస్తాను నిలదీశాను.

"ఆగప్పా, రోజూ దండం పెట్టుకుంటానే ఉండాం కదా!" అన్నాడు నొచ్చుకుని.

అప్పుడే పెరంబూరు అక్క వచ్చింది. రైల్వే క్వార్టర్సు దగ్గర పాత్రల కొట్టు నడిపే ఆమె మాకు పాత ఖాతాదారు. చంకలో చొట్టపడిన ఇడ్లీ కుండ. గోడ కేసి చూసి గొంతు తగ్గించి, "అయ్యయ్యో, దండేసినారే... ఎవురు పోయింది?" అంది.

మామ ఉలిక్కిపడ్డాడు. "ఎవురూ పోలేదమ్మా, అది మన కొట్టు ప్లాను!"

ఆమె పూలు పక్కకు జరిపి, చొట్ట పాత్రల వాక్యం పైకి చదివింది. తన కుండ వంక చూసుకుంది. "ఇదెత్తుకుని ఎన్ని తూర్లు తిరగల్ల నేను? మీ ప్లాను నిజంగానే పోయింది సామీ. ఈ దీపావళికి సరుకు ఆ వ్యానోడి దగ్గరే తీసుకుంటా," అని కుండ అక్కడే పెట్టేసి వెళ్ళిపోయింది. మామ బట్టలవాళ్ళ ఫోన్ నంబరు వెతకసాగాడు.

మర్నాడు పొద్దున అత్త కర్పూరం వెలిగించి, పళ్ళెం ఎవరికీ అందకుండా వెనక్కి పట్టుకుంది. "ఈ పొద్దు ఎవురేం చేస్తారో సామి ముందర చెప్పండి. చెప్పినోళ్ళకే హారతి. సాయంత్రం దీపం పెట్టేటప్పుడు చేసినారా లేదా అని అడగతా."

"ఆగమ్మా, ఆలోచించి..." అన్నాడు గుమాస్తా.

"నేను ఆగతానన్నా, కర్పూరం ఆగదు."

ఆయన మంటను చూసి కంగారుపడి, "కుండ మారుస్తా!" అనేశాడు. "మాధవరానికి సరుకేసినాకే టీ!" అన్నాడు బ్రేకన్న, తన నోటి మాటకు తానే బిత్తరపోతూ. నా వంతు వచ్చింది. గొంతు సవరించుకుని, "మన దీర్ఘకాలిక లక్ష్యాల దృష్ట్యా..." అన్నానో లేదో, కర్పూరం కొండెక్కింది.

"రేపు పొట్టిగా చెప్పు నాయనా," అంది అత్త.

మర్నాడు అగ్గిపుల్ల గీస్తుండగానే "పెరంబూరు పోతా" అనేశాను. కొత్త ఇడ్లీ కుండ ఒళ్ళో పెట్టుకుని బండెక్కాను. దారిలో టీకొట్టు చూడకూడదని బ్రేకన్న కళ్ళు మూసుకుంటే, నేనే హడలిపోయి బ్రేకు వెయ్యమన్నాను. అక్క కుండను తిప్పి తిప్పి చూసి, వేలితో కొట్టి చూసి, "సెరి, ప్లాను లేచి కూచునిందే!" అంది. ఆర్డరు మాత్రం ఇవ్వలేదు. "వచ్చే వారం కూడా వస్తావా? వస్తే చూద్దాం." వెళ్ళాను. ఇచ్చింది. సరుకు మర్నాడే చేరింది. (సాయంత్రం దీపం దగ్గర అత్త అడుగుతుందిగా మరి!) పక్క కొట్ల వాళ్ళూ మెల్లగా మళ్ళీ మా వైపు తిరిగారు. దీపావళి ముందు బట్టలవాళ్ళు బాడుగ మాట్లాడడానికి వస్తే, మామ వాళ్ళకు తలా ఒక టిఫిన్ క్యారియరు అమ్మి పంపించాడు. దండ తీసేసిన అట్టను అత్త వడియాలు ఎండబెట్టడానికి మేడ మీదికి తీసుకెళ్ళింది. నేను అడ్డు చెప్పలేదు.

అత్త ఇప్పుడు లేదు. హారతి పళ్ళెం మా ఆవిడ చేతికొచ్చింది. కొట్టు పని నుంచి రిటైరైన నేను ఇప్పటికీ ఏడాది మొదట్లో డైరీ తొలి పేజీలో రంగుల్లో ప్రణాళిక రాసుకుంటాను. పొద్దున కర్పూరం వెలిగించి, "ఈ రోజు మీరేం చేస్తారు?" అంటుంది మా ఆవిడ. "దీర్ఘకాలిక..." అని మొదలుపెట్టబోతాను. మంట వైపు చూస్తాను.

"కాఫీ పొడి తెస్తా," అంటాను.