మొదటి లారీ బూడిద

మా ముత్తాత రాఘవయ్య గారు ఊరి మునసబు. తాత సీతారామయ్య గారి కళ్లంలో నూర్పిళ్లు ముగిసేసరికి మాఘమాసం దాటేది. ఆ ధాన్యం నిలవ చేయడానికే ఆయన విజయవాడ వన్ టౌన్‌లో గోదాము కట్టించారు. నాన్నగారి హయాంలో పొలాలు పోయాయి, గోదాము మిగిలింది. నేను ఉద్యోగంలో చేరాను. 1999 వేసవిలో కృష్ణ ఒడ్డున ఉన్న థర్మల్ స్టేషన్‌కు, బూడిద విభాగం డివిజనల్ ఇంజనీరుగా బదిలీ అయ్యాను.

బాయిలరు, టర్బైను కోసం ఇంజనీర్లు పోటీ పడతారు. బూడిద ఎవరికీ అక్కర్లేదు. కానీ మన బొగ్గులో బూడిద పాలు ఎక్కువ. పొగలోంచి పట్టిన సన్నని బూడిద హాపర్లనే గరాటు తొట్లలోకి దిగుతుంది. అప్పట్లో దాన్ని నీళ్లతో కలిపి గొట్టాల్లో చెరువుకు పంపేవాళ్లం. చెరువు నిండవచ్చింది. గట్టు మీద గట్టు వేస్తూ వచ్చాం. ఇంకా ఎత్తితే నిలవదని తేలిపోయింది. బూడిదకు దారి లేకపోతే, బొగ్గు గుట్టలుగా ఉన్నా యూనిట్లు ఆపాల్సిందే.

వచ్చిన కొత్తలోనే నేనొక ప్లాను గీశాను. బూడిదను పొడిగానే గాలితో సైలోకు, అంటే ఎత్తయిన ఇనుప గాదెకు, తోలాలి. అక్కణ్ణించి, దాన్ని సిమెంటులో కలుపుకునే కంపెనీల ట్యాంకరు లారీల్లో నింపాలి. నిధులు లేవని ఫైలు తిరిగొచ్చింది.

మరుసటి ఏడు ప్రభుత్వమే ఒక సంయుక్త కమిటీ వేసింది. అధికారులు, స్టేషన్ ఇంజనీర్లు, సిమెంటు కంపెనీలవాళ్లు సభ్యులు. కన్వీనరు నేనే అవుతాననుకున్నాను. ఒక సిమెంటు కంపెనీ జనరల్ మేనేజరు కోటేశ్వరరావును వేశారు. అతని తండ్రి వీరయ్య మా తాతగారి కళ్లంలో కుంచంతో ధాన్యం కొలిచేవాడు. మమ్మల్ని 'బాబుగారూ' అనేవాడు. మొదటి సమావేశంలో కొడుకు బల్లకు అవతల కూర్చుని, "నమస్కారమండీ, డీఈ గారూ" అన్నాడు. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. అదే నాకు మింగుడు పడలేదు.

"సైలో మా ఖర్చుతో కడతామండీ. బూడిద మాకు ఉచితంగా ఇవ్వండి" అని మ్యాపు మీద చోటు చూపించాడు. అది నా ప్లానులో నేను గుర్తు పెట్టిన చోటే. నా పై అధికారి, సూపరింటెండింగ్ ఇంజనీరు గారు, నా వైపు వంగి, "బూడిదలో పోసిన పన్నీరనేవాళ్లం. ఇప్పుడు పన్నీరు కంటే బూడిదకే గిరాకీ వచ్చిందయ్యా!" అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

సాంకేతిక ఆమోదం మాత్రం నా సంతకంతోనే రావాలి. లారీ నింపేటప్పుడు దుమ్ము బయటికి రాకూడదనీ, వస్తే ఆమోదం ఇవ్వననీ షరతు రాశాను. నిబంధనల ప్రకారం అది సరైన షరతే. అయినా ట్రయల్ నాడు సైలో కింద నిలబడి దుమ్ము లేవాలనే కోరుకున్నాను. లేస్తే కట్టడం విప్పాలి, ఈలోగా వానలు ముంచుకొచ్చి చెరువు పొంగుతుంది, యూనిట్లు ఆగుతాయి. ఇవన్నీ తెలిసే కోరుకున్నాను.

సాగే గొట్టం దిగి లారీ మూతికి బిగుసుకుంది. నింపినంతసేపూ డ్రైవరు తెల్లచొక్కా తెల్లగానే ఉంది.

లారీ కదులుతుంటే గేటు దగ్గర మా అసిస్టెంటు ఇంజనీరు "ఒకటి" అని కేకేశాడు.

"ఒకటి అనకండి సార్, లాభం అనండి" అన్నాడు కోటేశ్వరరావు. "మా నాన్న ఏ కళ్లంలోనూ మొదటి కుంచాన్ని ఒకటి అని ఎరగడు. లాభం, తర్వాత రెండు, మూడు. డీఈ గారికి తెలుసు."

అందరూ నవ్వారు. "అయితే లాభమే!" అన్నారు సూపరింటెండింగ్ ఇంజనీరు గారు. అది మా కళ్లంలో, మా ధాన్యం మీద పలికిన మాట. కళ్లం ఎవరిదో కోటేశ్వరరావు చెప్పలేదు. నేనూ చెప్పలేదు. షరతు నెరవేరిందని రాసి సంతకం చేశాను. ఆ వానాకాలం బూడిద వల్ల ఏ యూనిటూ ఆగలేదు. పత్రికల్లో వచ్చిన ఫొటోలో సైలో ముందు అతనున్నాడు, మంత్రిగారున్నారు.

బూడిద, స్థలం ప్రభుత్వం దగ్గర ఉన్నాయి; పెట్టుబడి, లారీలు పరిశ్రమ దగ్గర ఉన్నాయి. ఇద్దరూ కలవకపోతే ఆ స్టేషన్ నిలిచేది కాదు. మా వృత్తిలో పని గీసినవాడిది కాదు, కట్టినవాడిది. ఇది ఒప్పుకుంటాను. ఇష్టంగా కాదు.

2004లో వన్ టౌన్ గోదాము అమ్మేశాం. కొన్నది కోటేశ్వరరావు కంపెనీ, సిమెంటు బస్తాల కోసం. దస్తావేజులో 'లోపలి సామానుతో సహా' అని రాశాం. వీరయ్య ధాన్యం కొలిచిన తాతగారి ఇత్తడి కుంచం ఆ సామానులోనే ఉంది.