అతను నన్ను అండీ అన్న రోజు

పదకొండేళ్ళు నేను చిలకలూరిపేట దగ్గర, గింజ తీసి దూది బేళ్ళు కట్టే ఒక జిన్నింగు మిల్లులో పత్తి చూసే ఉద్యోగం చేశాను. రైతులు ట్రాక్టర్ల మీద తెచ్చిన పత్తిని చేత్తో పట్టుకుని, పింజ ఎంత పొడవుంది, తేమ ఎంతుంది, దింపుకోవచ్చా లేదా అని చెప్పడం నా పని. తేమ చూసే మిషన్ ఉండేది. కానీ మిల్లు యజమాని ఆ మిషన్ కంటే నా వేళ్ళనే ఎక్కువ నమ్మేవాడు. ఆయన్ని మేమంతా పెద్దాయన అనేవాళ్ళం. మాది దూదేకుల ఇల్లు. మా నాన్న దర్శి చుట్టుపక్కల ఊళ్ళన్నీ సైకిల్ మీద తిరిగి, దూది ఏకి పరుపులు కుట్టాడు. నాకు నడక రాకముందే పత్తి తెలుసని మా అమ్మ చెప్పుకునేది.

ఆ ఉద్యోగం వదిలేసి పేకాడటానికి గోవా వెళ్ళిపోయాను. డబ్బాశ అని చుట్టాలు అనుకున్నారు, మతి చెడిందని మిల్లులో వాళ్ళు అనుకున్నారు. నిజం చెప్పాలంటే, ఒకే ఒక్క మనిషిని ఓడించడానికి వెళ్ళాను.

అతను పెద్దాయన అల్లుడు. మిల్లుకి మేనేజరు. నాకంటే ఐదేళ్ళు చిన్న. అయినా మొదటి రోజు నుంచీ నన్ను 'ఒరేయ్' అనే పిలిచాడు. నన్నే కాదు, రైతుల్నీ, హమాలీల్నీ, లారీ డ్రైవర్లనీ అంతే. అతను మర్యాదగా మాట్లాడే సందర్భం ఒక్కటే. అబద్ధం చెప్పేటప్పుడు. పత్తిలో నిజంగానే తేమ ఉంటే "ఏరా, నీళ్ళు తెచ్చి అమ్ముతున్నావా, తీసుకుపో అవతలికి" అని అరిచేవాడు. పత్తి బాగుండి, ధర తగ్గించాలనిపిస్తే మాత్రం గొంతు మెత్తబడేది. "కొంచెం తేమ కనిపిస్తోందండీ. మీరు పెద్దవారు, మీకు తెలియందేముంది" అనేవాడు. పక్కన నిలబడి నేను ఇది వందసార్లు విన్నాను. విని నోరు మూసుకున్నాను. అది కూడా ఇక్కడ చెప్పాలి.

ఒక ఏడాది పత్తి తీతల కాలంలో వానలు పడ్డాయి. ఒక దళారి ఆరు లోడ్ల పత్తి పంపించాడు. పైన పొడిగా ఉంది. మోచేతి దాకా చెయ్యి పెట్టి చూస్తే లోపల వెచ్చగా, తడిగా తగిలింది. దింపొద్దన్నాను. మేనేజరు నన్ను పక్కకి పిలిచాడు.

"ఒరేయ్, దింపు. ఆ దళారి మనవాడు."

"బేళ్ళు లోపల మగ్గిపోతాయి సార్. పసుపు తిరుగుతాయి."

"నేను చెప్తున్నా కదరా. సంతకం పెట్టి దింపు."

పెట్టాను. రెండు నెలలకి బేళ్ళు వెనక్కొచ్చాయి. వాటిని కొన్న స్పిన్నింగు మిల్లు నుంచి వచ్చిన మనిషి ఒక బేలు కోయించి యార్డులో పరిచాడు. పసుపు పచ్చగా, ముక్కిపోయిన వాసన. హమాలీలు, రైతులు, ఆఫీసు వాళ్ళు చుట్టూ మూగారు. పెద్దాయన కారు దిగి వచ్చి, ఎవరు పాస్ చేశారని అడిగాడు.

మేనేజరు నా వైపు తిరిగాడు. పదకొండేళ్ళలో మొదటిసారి నాతో మర్యాదగా అన్నాడు: "మీరే కదండీ సంతకం పెట్టింది?"

నేను నోరు తెరిచేలోపే మామగారితో, "దూదేకే ఇంట్లో పుట్టాడు, పత్తి తెలిసుంటుందని నమ్మాం మామయ్యా. పరుపులకీ మిల్లుకీ తేడా తెలియదని ఇప్పుడు తెలిసింది" అన్నాడు. ఎవరో నవ్వారు.

పెద్దాయన నన్ను ఏమీ అడగలేదు. ఆ వచ్చిన మనిషిని చూపించి, "ఆయనకి క్షమాపణ చెప్పు" అన్నాడు.

చెప్పాను. రెండు చేతులూ జోడించి మరీ చెప్పాను. మా అమ్మాయి అప్పుడు పదో తరగతి. జీతం పోతుందేమో అన్న భయం చేతుల్ని వాటంతటవే పైకి లేపింది. అందరూ చూశారు. కాటా దగ్గర కూర్చునే గుమాస్తా, మిల్లులో నాకున్న ఒకే ఒక స్నేహితుడు, ఆయన మాత్రం తల తిప్పుకున్నాడు.

ఆ తర్వాత ఏడు నెలలు అదే మిల్లులో పనిచేశాను. కోపం వచ్చిన మనిషి ఆ రోజే వెళ్ళిపోతాడని కథల్లో రాస్తారు. నేను రోజూ టిఫిను బాక్సు పట్టుకుని వెళ్ళాను. వెళ్ళి అతన్ని చూస్తూ కూర్చున్నాను. ఎప్పుడు గడ్డం గోక్కుంటాడు, ఎప్పుడు ఫోను బోర్లా పెడతాడు, ఎప్పుడు అండీ అంటాడు. పగబట్టిన మనిషికి ఓపిక ఎక్కడి నుంచి వస్తుందో తెలియదు గానీ, వస్తుంది.

అతనికి గోవా పిచ్చి. పత్తి కాలం అయిపోగానే దళారుల్ని వెంటేసుకుని వెళ్ళి, అక్కడ కాసినోలో పోకర్ ఆడి వచ్చేవాడు. వచ్చాక వారం రోజులు అదే కబుర్లు. "నా మొహం చూసి ముక్క చెప్పే మగాడు ఇంకా పుట్టలేదురా" అని ఆఫీసులో కుర్చీ వెనక్కి వాల్చి చెప్పేవాడు. ఆ మాట విన్న రోజే నిర్ణయించుకున్నాను.

పోకర్ నేర్చుకోవడం కష్టం కాదు. చేతిలో రెండు ముక్కలు, బల్ల మీద అందరికీ కలిపి ఐదు ముక్కలు. మిగతాదంతా ఎదుటి మనిషి. ఉత్త చేత్తోనే దమ్ముందని బుకాయించి అవతలివాణ్ణి పారిపోయేలా చెయ్యొచ్చు. నాలుగు నెలలు ఫోనులో పాఠాలు చూశాను, లెక్కలు రాసుకున్నాను. మా రాష్ట్రంలో డబ్బు పెట్టి ఆడితే కేసు. ఆడాలంటే గోవా వెళ్ళాల్సిందే.

మా ఆవిడ ప్రైవేటు స్కూల్లో టీచరు. ఆమెతో చెప్పినప్పుడు దిద్దుతున్న నోటుపుస్తకాలు పక్కన పెట్టింది. తర్వాత అంది: "డబ్బు కోసం వెళ్తుంటే వద్దని పోట్లాడేదాన్ని. మీరు వాడి కోసం వెళ్తున్నారు. ఆపినా ఆగరు. రెండేళ్ళు చూస్తాను. ఇల్లు ముట్టుకోకండి, అమ్మాయి చదువు ముట్టుకోకండి." మా అమ్మ అయితే ముసుగు మొహం మీదికి లాక్కుని, "హరాం సొమ్మురా అది. ఆ డబ్బుతో ఈ ఇంట్లోకి ఉప్పు కల్లు కూడా తేవొద్దు" అంది.

రాజీనామా కాగితం ఇచ్చినప్పుడు మేనేజరు చదవలేదు కూడా. "ఎక్కడికిరా? పరుపులు కుట్టుకోడానికా?" అన్నాడు.

"పేకాడటానికి సార్" అన్నాను.

కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. నవ్వనిచ్చాను.

గుంటూరులో రైలెక్కి హుబ్లీలో దిగి, బస్సులో పణజి చేరాను. కనిగిరి వైపు కుర్రాడొకడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి అక్కడ ఆడుతున్నాడు. ముప్ఫై దాటుతున్న వయసు. అతని గదిలో చేరాను. మొదటి ఏడాది చితికిపోయాను. పెట్టిన ప్రతి చోటా పోయింది. వదిలెయ్యాల్సిన ముక్కలతో చివరిదాకా వెళ్ళేవాణ్ణి. ఎవడైనా కాస్త గట్టిగా పందెం వేస్తే నాకు మేనేజరు కనిపించేవాడు. వెనక్కి తగ్గితే మళ్ళీ చేతులు జోడించినట్టు ఉండేది.

ఒక మధ్యాహ్నం భోంచేస్తుంటే ఆ కనిగిరి అతను అడిగాడు: "అన్నా, బల్ల చుట్టూ ఎనిమిది మంది కూర్చుంటే నువ్వు ఎవడితో ఆడుతున్నావు? అక్కడున్న వాళ్ళతో అయితే కాదు."

యార్డులో జరిగిందంతా చెప్పాను. అతను అన్నం కలుపుతూ విన్నాడు. "వాడు వచ్చేదాకా వాణ్ణి బల్ల మీదికి రానివ్వకన్నా. వచ్చినప్పుడు చూసుకుందాం" అన్నాడు. ఆ మాట పట్టుకున్నాను. రెండో ఏడాది నిలదొక్కుకున్నాను. పెద్దగా మిగిలిందేమీ లేదు. అద్దె, తిండి, ఇంటికి కొంత. ఇంటికి పంపినది అమ్మాయి హాస్టలుకే వెళ్ళేది, అమ్మ వంటింట్లోకి కాదు.

ఎండాకాలంలో కాటా గుమాస్తా ఫోన్ చేశాడు. "బయల్దేరారు. అతనూ, ఇద్దరు దళారులూ. శనివారం అక్కడుంటారు."

శనివారం మధ్యాహ్నం పన్నెండింటికి నది మీదున్న కాసినో పడవలో టోర్నమెంటు. ప్రవేశ రుసుము కట్టి అందరూ సమానంగా చిప్స్ అనే రంగు బిళ్ళలు తీసుకుంటారు, బిళ్ళలు అయిపోయినవాడు లేచిపోతాడు. అతను పేరు రాయించడం కళ్ళారా చూసి నేనూ రాయించాను. మొదటి మూడు గంటలు వేరే వేరే బల్లలు. జనం తగ్గాక బల్లలు కలిపారు. నా బిళ్ళలు ఎత్తుకుని కొత్త కుర్చీలోకి వెళ్ళేసరికి ఎదురుగా అతను. అతని వెనక, జనాన్ని ఆపే తాడుకి అవతల ఇద్దరు దళారులూ నిలబడి చూస్తున్నారు.

"ఒరేయ్! నువ్వా! నిజంగానే వచ్చావట్రా!" అని బల్లంతా వినేలా అరిచాడు. "మా మిల్లులో పనిచేసేవాడు" అని పక్కవాడికి హిందీలో చెప్పాడు.

నేను బిళ్ళలు సర్దుకున్నాను. గంటసేపు అతనికి ఎదురు వెళ్ళలేదు. అతను పందెం వేస్తే ముక్కలు వదిలేశాను. "భయపడకురా, ఆడు" అన్నాడు. అలా అన్న ప్రతిసారీ అతని చేతిలో మంచి ముక్కలే ఉన్నాయి.

తర్వాత నాకు రెండు ఎనిమిదులు వచ్చాయి. బల్ల మీద ఆసు, రాజు, ఆరు, మూడు, రెండు పడ్డాయి. ఆసో రాజో ఎవరి చేతిలో ఉన్నా నా పని అయిపోయినట్టే. అతను తన బిళ్ళలన్నీ రెండు చేతులతో ముందుకి తోశాడు. వెనక్కి వాలి, నా వైపు చూసి మెత్తగా అన్నాడు:

"ఆలోచించుకోండి. తొందరేం లేదండీ."

యార్డులో కోసి పరిచిన ఆ పసుపు పత్తి వాసన నా ముక్కుకి తగిలింది. ఒట్టు.

"కాల్" అన్నాను. అంతకి అంత పెడుతున్నాను, చూపించమని.

అతను వెంటనే చూపించలేదు. డీలరు రెండోసారి అడిగితే తిప్పాడు. పది, ఏడు. ఏమీ లేదు. నా ఎనిమిదులు చూసి, "వీటితో ఎలా పెట్టావురా?" అన్నాడు. మొహంలో రంగు లేదు. అతని బిళ్ళలన్నీ నా ముందుకొచ్చాయి. అతను లేవాలి.

నేను కూడా లేచాను. దళారులకి వినపడేలా తెలుగులో అడిగాను: "ఆ తడి పత్తి దింపమన్నది ఎవరు?"

"ఎప్పటి సంగతిరా అది! నేనే దింపమన్నా. అయితే ఏంటిప్పుడు? పేకలో గెలిచి పెద్దమనిషివైపోయావా?"

ఒక దళారి నవ్వబోయి ఆగిపోయాడు.

"చేతులు జోడించు" అన్నాను.

అతను నన్ను నెట్టుకుని వెళ్ళబోయాడు. నేను అడ్డు తప్పుకోలేదు. కాసినో మనిషి వచ్చి నా భుజం పట్టుకుని, కూర్చోకపోతే బయటికి పంపిస్తానన్నాడు. కూర్చున్నాను. అతను చేతులు జోడించకుండానే వెళ్ళిపోయాడు. ఆ తర్వాత వదిలెయ్యాల్సిన ముక్కలన్నీ ఆడాను. ఇంకో అరగంటలో నా బిళ్ళలూ పోయాయి. బహుమతి లేదు. కానీ ఒడ్డుకి వచ్చి చేపల కూరతో రెండు పళ్ళేల అన్నం తిన్నాను. అంత ఆకలి రెండేళ్ళలో వెయ్యలేదు.

దళారుల నోరు ఊరికే ఉండదు. నేను ఇంటికి వచ్చేసరికి పేటలో టీ కొట్ల దగ్గర అదే మాట. అల్లుడే దింపించాడట, తన నోటితోనే ఒప్పుకున్నాడట. పెద్దాయన అల్లుణ్ణి కొనుగోలు పని నుంచి తప్పించి ఆఫీసులో కూర్చోబెట్టాడని కాటా గుమాస్తా చెప్పాడు. విని నాకు బాధ కలగలేదు. మళ్ళీ చెప్పించుకుని విన్నాను.

పది రోజులకి పెద్దాయనే మా ఇంటికి వచ్చాడు. మా అమ్మ కుర్చీ తుడిచి వేసి టీ ఇచ్చింది. "జరిగిందేదో జరిగింది. జీతం పెంచుతాను. సోమవారం నుంచి వచ్చెయ్యి" అన్నాడు.

అప్పుడు తెలిసింది, నా కోపంలో సగం ఈయన మీదేనని. అల్లుడు అబద్ధమాడాడు. ఈయన అసలు అడగనే లేదు.

"అందరి ముందూ నాతో క్షమాపణ చెప్పించారు. అదే యార్డులో, అందరి ముందూ, తప్పు నాది కాదని మీరు చెప్పండి. చెప్పిన మర్నాడే వస్తాను."

"నేనా?" అన్నాడు.

"మీరేనండీ" అన్నాను. అండీ అన్నా, నా మటుకు నేను నిజమే చెప్పాను.

ఆయన టీ పూర్తిగా తాగి, గ్లాసు కింద పెట్టి, మా అమ్మకి వస్తానమ్మా అని చెప్పి వెళ్ళిపోయాడు. మిరప కోతలు అయిపోయాయి, మళ్ళీ పత్తి లారీలు హైవే మీద బారులు తీరాయి. ఇంతవరకూ ఆయన ఆ మాట చెప్పలేదు.

మా ఆవిడ గడువు దాటిపోయింది. మొన్న ఆదివారం బట్టలు మడతపెడుతూ అడిగింది, ఇంకా గోవా ఎందుకు వెళ్తున్నారని. ఆట వచ్చు కాబట్టి అన్నాను. ఆమె నా మొహం వైపే చూసింది. "పెద్దాయన ఆ మాట చెప్పేదాకా అనండి" అంది. అవునన్నాను. బుధవారం రైలుకి టిక్కెట్టు ఉంది.