చొక్కా రూలు పెట్టిన మేస్త్రమ్మ

మిరపకోతల ముఠాలో పద్దెనిమిది మంది ఆడవాళ్లున్నా నోరు మాత్రం ఒక్కటే, అది మేస్త్రమ్మది. ముక్కు మీద కోపం. కూర్చోమంటే కూర్చోవాలి, లేవమంటే లేవాలి. ఆవిడ పనికి వంక పెట్టిన మొనగాడు ఇంకా పుట్టలేదు.

ఆవిడ అందరికంటే గొప్పగా చెప్పుకునేది చొక్కా రూలు. పురుగుమందు కొట్టిన ఆకులు ఒంటికి తగలకుండా, తోటలో దిగే ప్రతి మనిషీ బట్టలపైన మగవాళ్ల పొడుగు చేతుల చొక్కా తొడగాల్సిందే. పక్క ముఠాల వాళ్లు మొదట నవ్వారు, తర్వాత నోరు మూసుకుని వాళ్లూ తొడిగారు.

ఆవిడ కోడలు కూడా ముఠాలోనే పనిచేసేది. ఆ పిల్లకి రెండుసార్లు కడుపు నిలవలేదు. ఈ ఏడాది నెలసరి కూడా లెక్క తప్పింది. ఒకసారి ఇరవై రోజులకే వస్తే ఇంకోసారి రెండు నెలలకి. "తిండి సరిగ్గా తినవు" అని అత్త నాలుగు తిట్టి, చివరికి తనే ఆసుపత్రికి తీసుకెళ్లింది.

డాక్టరమ్మ థైరాయిడ్ పరీక్ష కాగితం చూసి, "పురుగుమందు పని చేస్తావా అమ్మా?" అని అడిగింది.

"మందు మావాడు కొడతాడండీ. ఇది కోతకే వస్తుంది. అదీ చొక్కా లేందే నేను దిగనివ్వను," అంది మేస్త్రమ్మ ఛాతీ విరుచుకుని.

"ఎవరి చొక్కా?"

"ఆయన మందు కొట్టేటప్పుడు వేసుకున్నదే. పాతబడిందని నాకిచ్చారు," అంది కోడలు.

"మందు బట్టలో ఇంకిపోతుందమ్మా, ఉతికినా మొత్తం పోదు. చెమట పడితే ఒంట్లోకి దిగుతుంది. కొన్ని మందులు హార్మోన్లని తారుమారు చేస్తాయి. ఇదే కారణమని ఒట్టేసి చెప్పలేను. ముందు మాత్రలు వాడండి, ఆ చొక్కా తీసెయ్యండి."

కంచే చేను మేసింది. ఇద్దరూ ఇంటిదారి పట్టారు.

"నా ఒక్కదాని చొక్కా మార్చుకుంటాలే అత్తయ్యా," అంది కోడలు. "అందరికీ చెబితే రేపట్నుంచి మీ మాట ఎవరు వింటారు?"

ఆ మాట ఆవిడకి నచ్చింది, అబద్ధమెందుకు. కానీ ముఠాలో అందరివీ అలాంటి చొక్కాలే.

పొద్దున్నే తోట గట్టు మీద అందర్నీ నిలబెట్టింది. "విప్పండి చొక్కాలు. రూలు నాది, తప్పూ నాదే. మందు బట్టలు మీకు నేనే తొడిగించాను. నా కోడలికి నెలసరి లెక్క తప్పుతోంది, కడుపు నిలవట్లేదు. మీ సంగతి నేనెప్పుడూ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నా, ఇలా మీలో ఎంతమందికుంది?"

ముందుగా, ఎప్పుడూ వేళాకోళమాడే పొట్టిది చెయ్యెత్తింది. ఇంకొకరు, మరొకరు. ఏడు చేతులు లేచాయి. మేస్త్రమ్మ కళ్లు నిండాయి.

"మరి ఎండకి మాడమంటావా మేస్త్రమ్మా?" అంది పొట్టిది.

మందు ముఖం చూడని పాత దుప్పట్లు చించి, పొడుగు చేతుల చొక్కాలు తామే కుట్టుకున్నారు. మందు కొట్టినవాడి బట్టలు వాడే విడిగా ఉతుక్కోవాలని రెండో రూలు వచ్చింది. మగవాళ్లు గొణిగారు, మేస్త్రమ్మ కొడుకు అందరికంటే ఎక్కువ గొణిగాడు. ఉతుక్కున్నాడు.

మాత్రల వల్లో, చొక్కా వల్లో, కోడలికి నాలుగు నెలలుగా నెలసరి లెక్క తప్పలేదు.

మొన్న పక్క ముఠా ఆవిడ దుప్పటి చొక్కా పట్టుకు చూసి, "ఇదెవరు పెట్టిన రూలే?" అని అడిగింది.

"మా అత్తయ్య," అంది కోడలు తలెత్తి. "పాత రూలూ ఆవిడదే. తప్పని తెలిశాక అందరి ముందూ ఆవిడే తీసేసింది."